మార్ఫియస్ వేషం

జూన్ 14, 2005

నాకు వేషం వచ్చింది. పదకొండేళ్ళకి.

మైకుసెట్టు బుల్లియ్య కొడుకు ఉదయభాస్కర్ వచ్చాడు. తణుకులో వాళ్ళ నాన్న మైకు లేనిదే మా నాటకం లేచేది కాదు. కొడుకు ఇప్పుడు మా ఊళ్ళో దేవీచౌక్ దగ్గర కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్ మేడమీద ఆఫీసు పెట్టాడట. వీడియో గేమ్ తయారుచేస్తున్నారట, తెలుగులో మాట్లాడే గేమ్. అందులో విలన్‌కి నా గొంతు కావాలన్నాడు.

"విలనెవరు నాయనా?"

"మార్ఫియస్ అండి. గ్రీకువాళ్ళకి కలల దేవుడండి. ఊరందరినీ నిద్రపుచ్చేసి, కలల్లో బంధించేస్తాడండి. యువరాజు ఒక్కొక్కళ్ళ కలలోకీ వెళ్ళి విడిపించుకురావాలండి."

"గ్రీకు దేవుడెందుకు? మనకి కరువా?"

"మన దేవుణ్ణి విలన్‌ని చేస్తే మర్నాటికి ఆఫీసు అద్దాలుండవండి. గ్రీకు దేవుడికి మన జిల్లాలో భక్తులెవరూ లేరు కదండి."

తెలివైనవాడే. మగ దేవుడికి ఆడగొంతేమిటని అడిగాను. కలలో వినిపించే గొంతు ఆడదో మగదో తెలియకూడదు అన్నాడు. "చిన్నప్పుడు మీ పద్యం వింటూ మైకు పెట్టె పక్కనే నిద్రపోయేవాణ్ణండి" అని కూడా అన్నాడు. మెచ్చుకున్నాడో తిట్టాడో తెలియలేదు. మెచ్చుకున్నాడనే రాసుకుంటున్నాను.

యువరాజు గొంతు ఎవరిదని అడిగాను.

"జీవరాజుగారండి."

వెంటనే ఒప్పుకున్నాను.

జూన్ 15

తెల్లారకుండానే గోడ అవతల జీవరాజు సాధకం మొదలెట్టాడు. అదే ఆలాపన, అదే దగ్గు, మధ్యలో చుట్ట.

మా నాటక సమాజం బాగా నడిచిన రోజుల్లో పక్కపక్కనే స్థలాలు కొనుక్కున్నాం, అతను రాజు, నేను రాణి కాబట్టి రిహార్సల్సుకి వీలుగా ఉంటుందని. ఇప్పుడు మధ్యలో ఒకే గోడ. దాని మీద నావైపు గాజుపెంకులు నాటించాను. అతను తనవైపు నుంచి మల్లెతీగ పాకించాడు. చూసేవాళ్ళకి ఎవరు చెడ్డవాళ్ళు అనిపిస్తుందో చెప్పక్కర్లేదు. అతని తెలివి అంతా అదే.

నేనూ రోజూ సాధకం చేస్తాను, తలుపులూ కిటికీలూ మూసుకుని. నాలుగున్నర శృతిలో, ఆ రోజు గొంతు చీలిన చోటే పట్టుకుని. ఆ సంగతి అతనికి తెలియదు. తెలియకూడదు.

జూన్ 16

మళ్ళీ రాస్తాను. ఎన్నిసార్లు రాసినా తనివి తీరదు.

పిఠాపురం, పదకొండేళ్ళ కిందట. కాటి సీను. చచ్చిపోయిన పిల్లాణ్ణి ఒళ్ళో పెట్టుకుని నేను ఏడవాలి, కాటికాపరిగా కర్ర పట్టుకుని అతను నిలబడాలి. నా శృతి నాలుగు అని ఈ రెండు జిల్లాల్లో హార్మోనియం ముట్టుకున్న ప్రతివాడికీ తెలుసు. ఆ రోజు పద్యం ఎత్తుకునేసరికి పెట్టె అరశృతి పైన, నాలుగున్నరలో మోగింది. స్టేజీ మీద ఆపగలమా? వెళ్ళాను. మూడో పాదంలో గొంతు చీలింది. అంతకు ముందు సీనులో వన్స్ మోర్ కొట్టిన జనమే నవ్వారు. ఈలలు వేశారు. తలెత్తి చూస్తే అతను కర్ర మీద గడ్డం ఆనించి నిలబడి ఉన్నాడు. నవ్వలేదు. అదే, నవ్వకపోవడమే.

మరుసటి వారం కాంట్రాక్టరుతో "రత్నం గొంతు పోయిందండి, ఇంక ముసలి తల్లివేషాలకి చూడండి" అన్నాడు. నా స్థానంలో ఎవరో పిల్ల వచ్చింది.

హార్మోనిస్టు వీరబ్రహ్మం పోయేముందు ఒక పెళ్ళిలో చెప్పాడు. "జీవరాజే పెంచమన్నాడమ్మా, నా తప్పు లేదు." యానాం సరుకు మీద ఉన్నాడు. తాగినవాడు అబద్ధం ఎందుకు చెబుతాడు?

ఎందుకు చేశాడో నాకు తెలుసు. ఆ ఏడాది నేను స్టేజీ మీద చచ్చిపడిపోయాక కూడా జనం వన్స్ మోర్ అంటే, లేచి కూర్చుని పద్యం మళ్ళీ పాడి మళ్ళీ చచ్చిపోయాను. మన దగ్గర అది మామూలే, శవమైనా సరే వన్స్ మోర్ అంటే లేవాలి. అంతసేపూ కత్తి పట్టుకుని ఏం చెయ్యాలో తెలియక పక్కన నిలబడ్డాడు. అదీ మంట.

అంతకుముందు మండపేటలో అతనికి జ్వరం వచ్చి గొంతు లేవనప్పుడు మాత్రం రత్నం కావలసి వచ్చింది. పక్కతెర వెనక నుంచి అతని గొంతుతో అతని పద్యాలు నేను పాడాను, అతను పెదాలు ఆడించాడు. జనం వన్స్ మోర్ అన్నారు. దండ అతని మెళ్ళో పడింది. అత్త సొమ్ము అల్లుడి దానం.

జూలై 9

రికార్డింగు. చిన్న గది, గోడలకి బొంతలు కొట్టారు. లోపల వంటింటి కంటే వేడి.

నా మాటలు ఆ కుర్రాడే రాశాడు. సగం నేను మార్చేశాను. యువరాజుని నిద్రపుచ్చే జోల మాత్రం పూర్తిగా నాది.

"కన్ను మూసిన ఊరికి కాపలా నేను,
మేలుకున్నవాడికి జోల పాడి వస్తాను."

బెదిరిస్తున్నట్టు పాడమన్నాడు. "బెదిరిస్తే ఎవరు నిద్రపోతారయ్యా? లాలించాలి" అన్నాను. లాలించాను. గాజు అవతల కూర్చున్నవాడు ఆవలించాడు. నాకు ఇంతకంటే చప్పట్లేం కావాలి.

జూలై 12

ఆఫీసు మెట్ల మీద జీవరాజు ఎదురయ్యాడు. నేను దిగుతున్నాను, అతను ఎక్కుతున్నాడు. కండువా, చుట్ట, అదే వాసన.

"బాగున్నావా రత్నం?"

గోడవైపు జరిగి దిగబోయాను.

"దేవుడి వేషం కట్టావటగా. నన్ను ఎన్నిసార్లు చంపుతావేంటి?"

"పిల్లలు ఆడినన్నిసార్లు."

పదకొండేళ్ళలో అతనితో అన్న మొదటి మాట అది. బాగా కుదిరింది. దారిపొడుగునా నాలో నేను అనుకుంటూనే వచ్చాను.

నవ్వాడు గానీ గొంతు బొంగురుగా ఉంది. చుట్టలు.

జూలై 20

జీవరాజు చావుకేకలన్నీ రికార్డు చేశారట. ఒక్కో కలలో ఒక్కోలా పడిపోవాలి కాబట్టి రకరకాలుగా అరవాలట. కత్తికి ఒకటి, నీళ్ళలో మునిగితే ఒకటి, నిద్రలో పోతే ఒకటి.

వెళ్ళి చూస్తానన్నాను. ఉదయభాస్కర్ మౌసు పట్టుకుని ఆడి చూపించబోయాడు.

"నువ్వేం నొక్కకు" అన్నాను.

"నొక్కకపోతే చచ్చిపోతాడండి."

"అదే చూద్దాం."

యువరాజు దిక్కులు చూస్తూ నిలబడ్డాడు. నా జోల మొదలైంది. కత్తి జారింది, మోకాళ్ళ మీద పడ్డాడు, జీవరాజు గొంతుతో మూలిగి ఒరిగిపోయాడు.

"వన్స్ మోర్" అన్నాను.

మళ్ళీ చంపాడు. మళ్ళీ అన్నాను. ఆ కుర్రాడికి భయం వేసినట్టుంది, అమ్మగారికి టీ తెమ్మని ఎవరినో కేకేశాడు. టీ వచ్చేదాకా చంపిస్తూనే ఉన్నాను. కడుపు నిండింది.

ఆగస్టు 6

కంబాలచెరువు దగ్గర నెట్ సెంటర్లో పిల్లల చేత ఆడించి చూశారట. ఒక్కడూ గెలవలేదట.

"జోల రాగానే మౌసు వదిలేసి వింటున్నారండి."

"అది నా తప్పా?"

"కాదండి. ఇప్పుడు యువరాజుకి దానికి దీటైన పద్యం ఒకటుండాలండి. ఆఖర్న ఆ పద్యం పాడితేనే మీ నిద్ర కట్టు తెగుతుందండి. వినాయకచవితి వెళ్ళాక జీవరాజుగారు పాడతానన్నారండి."

దేవుణ్ణి పద్యంతో చంపుతాడట. చంపనీ.

ఆగస్టు 7

రికార్డింగు గదిలో శృతిపెట్టె ఉంది, కరెంటుది. పక్కన చిన్న చెవి ఉంటుంది. తిప్పితే అరశృతి పైకి. ఎవరికీ కనిపించదు.

పద్యం చదివాను. మూడో పాదమే ఎత్తు.

కుక్కకాటుకి చెప్పుదెబ్బ.

సెప్టెంబర్ 12

ఇవాళ జీవరాజు పద్యం రికార్డింగు. ముందుగా వెళ్ళాను. పాత రికార్డింగు వినాలని వంక చెప్పి గదిలోకి పోయి అతని కోసం నాలుగు మీద ఉంచిన శృతిపెట్టెని నాలుగున్నరకి తిప్పాను. బయటికొచ్చి కుర్చీ వేసుకుని గాజుకి ఎదురుగా కూర్చున్నాను. అతని గొంతు చీలినప్పుడు ముఖం కనిపించాలి. నేను నవ్వకూడదు. గడ్డం కింద చెయ్యి పెట్టుకుని, నవ్వకుండా చూడాలి. ఇంటి దగ్గర అద్దంలో చూసుకుని వెళ్ళాను కూడా.

మధ్యాహ్నం దాకా కూర్చున్నాను. రాలేదు.

వచ్చేటప్పుడు శృతిపెట్టెని మళ్ళీ నాలుగుకి తిప్పేసి వచ్చాను. మరెవరిదో గొంతు పాడవడం ఎందుకు.

సెప్టెంబర్ 15

గోడ అవతల సాధకం లేదు. నిన్నా లేదు.

సెప్టెంబర్ 18

లేదు. నాకు నిద్ర హాయిగా పట్టాలి. పట్టటం లేదు. అలవాటు తప్పింది, అంతే.

సెప్టెంబర్ 21

అచ్చాయమ్మ గోడ దగ్గరికొచ్చి పిలిచింది. అతని భార్య. ఆవిడ మీద నాకేం కోపం లేదు, మొగుణ్ణి ఎంచుకున్నది ఆవిడ కాదు.

"వదినా, మీ అన్నయ్యగారికి గొంతులో గడ్డట. కాకినాడ తీసుకెళ్తున్నాం. కాస్త ఇల్లు చూస్తుండండి."

అన్నయ్యగారట. ఎవరికి అన్నయ్య?

"అలాగే వదినా, మొక్కలకి నీళ్ళు పోస్తాలెండి" అన్నాను. ఆ మల్లెతీగకి నీళ్ళు పోసేది నేనే ఇప్పుడు. ఎండగట్టేయాలని ఉంది.

అక్టోబర్ 8

ఆపరేషన్ అయిపోయింది. గొంతు తీసేశారు. మెడకి చిల్లు పెట్టి అందులోంచి ఊపిరి తీయిస్తున్నారట. ఇక మాట రాదట, ఎప్పటికీ.

"రత్నం గొంతు పోయిందండి."

ఎవరి గొంతు పోయింది?

దేవుడున్నాడు. ఆత్రేయపురం పూతరేకులు తెప్పించుకుని తిన్నాను. సగం తిన్నాక చాలనిపించింది. నెయ్యి బాగాలేదు.

అక్టోబర్ 11

అచ్చాయమ్మ ఫోను చేసింది. నొప్పికి తట్టుకోలేకపోతుంటే మార్ఫిన్ ఇచ్చారట, ఇప్పుడు పడుకున్నాడట. ఉదయభాస్కర్‌తో అంటే, ఆ మందుకి ఆ పేరు మార్ఫియస్ మీద పెట్టిందేనండి అన్నాడు.

అంటే నా దేవుడే. నేను పాడితే నిద్రపోవలసినవాడు సూదికి నిద్రపోయాడు. మధ్యలో డాక్టరు దూరాడు. నాకు రావలసిన చప్పట్లు ఇంకెవరో కొట్టించుకున్నట్టుంది.

నవంబర్ 5

ఇంటికి తీసుకొచ్చారు. వసారాలో కుర్చీ వేసుకుని కూర్చుంటాడు. మెడకి కండువా. ఏదైనా కావాలంటే చేతికర్రతో నేల మీద కొడతాడు. రోజంతా అదే చప్పుడు.

నవంబర్ 9

ఉదయభాస్కర్ వచ్చాడు. ఆఖరి పద్యం లేదు. పద్యం లేకపోతే మార్ఫియస్ చావడు, ఊరు నిద్ర లేవదు.

"లేవకపోతే ఏమవుతుంది?"

"ఆట ముగియదండి. ఎవరు ఎంత ఆడినా గెలిచేది మీరేనండి."

ఎంత చల్లటి మాట. ఇంకోసారి చెప్పించుకున్నాను.

"ఇంకెవరిచేతైనా పాడిద్దామంటే, ముందునుంచీ ఆయన గొంతే కదండి, అతకదండి. మండపేట సంగతి నాన్న చెప్పారండి. ఆ రోజు మైకు పట్టింది నాన్నేనండి. ఆయన గొంతు మీకు పలుకుద్దంట కదండి?"

పలుకుతుంది. జీవరాజు ఏ అక్షరం ముక్కుతో అంటాడో, ఏ పాదం దగ్గర ఊపిరి దొంగిలిస్తాడో నాకు తెలిసినట్టు అతనికే తెలియదు.

"చెయ్యను" అన్నాను.

నవంబర్ 12

మళ్ళీ వచ్చాడు. చెయ్యనని చెప్పాను. అతణ్ణి గెలిపించడానికి నా గొంతుతో నన్ను నేను చంపుకోవాలా? మండపేట దండ చాలదా?

నవంబర్ 14

చెయ్యను.

నవంబర్ 17

బియ్యం కడుగుతుంటే తట్టింది. చేతిలో గిన్నె అలాగే పట్టుకుని నిలబడిపోయాను.

పాడతాను. అతని గొంతుతోనే పాడతాను. కానీ నాలుగున్నరలో. జన్మలో అతను ముట్టుకోని శృతిలో. మూడో పాదం అతను కలలో కూడా వెళ్ళని ఎత్తుకి తీసుకెళ్ళి, అక్కడ నిలబెట్టి, నింపాదిగా దింపుతాను. ఊరంతా విని, ఆహా జీవరాజు ఆఖరి పద్యం, ఎన్నడూ ఇంత గొప్పగా పాడలేదు అంటుంది. కాళ్ళకి దండం పెడతారు. శాలువా కప్పుతారు. కప్పించుకోవాలి. బతికినన్నాళ్ళూ రత్నం గొంతుకి వచ్చిన మెప్పుని తన మెడ మీద మోయాలి. అది తనది కాదని చెప్పడానికి అతనికి గొంతు లేదు.

తాడిని తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడు ఉంటాడని ఊరికే అన్నారా.

నవంబర్ 20

పాడాను. ఒక్కసారే. రెండో టేకు అక్కర్లేదు.

ఆ కుర్రాడు చెవులకున్నవి తీసి, "అమ్మగారండి, ఆయన ఇంత పైకి ఎప్పుడూ..." అన్నాడు.

"జబ్బు చెయ్యకముందు పాడిందని చెప్పు. ఎవరడిగినా అంతే చెప్పు."

"ఆయనడిగితేనండి?"

"ఎలా అడుగుతాడు?" అన్నాను. నా మాటకి ఆ అబ్బాయి ముఖం మాడిపోయింది. మాడనీ.

డిసెంబర్ 18

ఇవాళ ఇన్‌స్టిట్యూట్ హాల్లో గేమ్ విడుదల. పెద్ద తెర కట్టారు. పిల్లలు, వాళ్ళ తల్లిదండ్రులు, పాత నాటకాల మనుషులు కొందరు. జీవరాజుని ముందు వరసలో కూర్చోబెట్టారు. నేను పక్క వరసలో, అతని ముఖం బాగా కనిపించే కుర్చీ చూసుకుని కూర్చున్నాను. చిక్కిపోయాడు. చొక్కా వేరేవాడిదిలా ఉంది.

ఒక కుర్రాడు ఆడాడు. నా జోల వచ్చింది. యువరాజు తూలాడు. అప్పుడు పద్యం.

మొదటి అక్షరానికే తెలిసిపోయింది అతనికి. మెడ మీద చెయ్యి వేసుకున్నాడు, అక్కడేమైనా కదులుతోందా అన్నట్టు. మూడో పాదం. నేను నిలబెట్టాను. తెర మీద నా దేవుడు పొగలా విడిపోతున్నాడు, ఊళ్ళో ఒక్కొక్కళ్ళే కళ్ళు తెరుస్తున్నారు. పద్యం దిగింది. చప్పట్లు. వెనక నుంచి ఎవరో వచ్చి అతని కాళ్ళకి దండం పెట్టారు. "అయ్యగారూ, ఏం పాడారండీ" అంటున్నారు. నేను అనుకున్నట్టే, అక్షరం పొల్లుపోకుండా.

నా వైపు తిరిగాడు. గడ్డం కింద చెయ్యి పెట్టుకుని, నవ్వకుండా చూశాను. తల దించుకుంటాడు అనుకున్నాను. ఏడుస్తాడు అనుకున్నాను.

కర్ర ఎత్తి నేల మీద కొట్టాడు. మూడుసార్లు. ఒక వేలు పైకెత్తాడు.

వన్స్ మోర్.

జనానికి ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక నవ్వారు. "చూడండి, తన పద్యానికి తనే వన్స్ మోర్ కొట్టుకుంటున్నాడు పెద్దాయన" అన్నారెవరో. అందరూ నవ్వుతున్నా అతను వేలు దించలేదు. నన్నే చూస్తున్నాడు. ఇన్నేళ్ళ స్టేజీలో మేమిద్దరం ఒకరికొకరం వన్స్ మోర్ కొట్టుకోలేదు. ఆర్టిస్టు ఆర్టిస్టుకి కొట్టడు. వన్స్ మోర్ అని హాలంతా అందుకుంది. మళ్ళీ పద్యం కావాలంటే ఆట మొదటి నుంచీ ఆడాలని ఉదయభాస్కర్ చెబుతున్నా ఎవరూ వినటం లేదు.

లేచి వచ్చేశాను. జీవితంలో మొదటిసారి వన్స్ మోర్ ఎగ్గొట్టాను.

డిసెంబర్ 19

ఇది కూడా లాగేసుకున్నాడు. నా పగ, నా సీను, నేను కట్టుకున్న స్టేజీ. ఒక్క వేలెత్తి లాగేసుకున్నాడు. మాట కూడా లేనివాడు.

అసహ్యం వేస్తోంది. అతని మీదే.

డిసెంబర్ 22

అచ్చాయమ్మ గోడ మీద నుంచి మల్లెతీగ నరికించేయనా అని అడిగింది. నావైపుకి పాకుతోందని ఆయన సైగ చేశాడట. ఉండనివ్వండి అన్నాను. ఇన్నాళ్ళూ నీళ్ళు పోసింది నేను.

డిసెంబర్ 29

చలి బాగా ఉంది. తెల్లారకుండా లేచి గోడవైపు కిటికీ తీశాను. గదిలో గాలి ఆడటం లేదు.

ఆ పద్యమే ఎత్తుకున్నాను, నా గొంతుతో, నాలుగున్నరలో. సాధకం మానేస్తే గొంతు పట్టేస్తుంది, అందుకని. ఇందులో ఎవరికీ సంబంధం లేదు.

అయిపోగానే గోడ అవతల కర్ర చప్పుడైంది. మూడుసార్లు.

సరే చూసుకో అని, ఈసారి ఐదులో ఎత్తాను. మూడో పాదంలో గొంతు చీలింది, అచ్చం పిఠాపురంలో చీలినట్టే. ఆపలేదు. చీలిన గొంతుతోనే చివరిదాకా పాడాను. నవ్వుకుంటే నవ్వుకోనీ. నవ్వడానికైనా గొంతుండాలిగా.

కర్ర మళ్ళీ చప్పుడైంది.